మానా, స్లాట్లు, మెట్లు, మూల్యం, వరం: గేమ్ తరహా ఫాంటసీకి ఏ శక్తి లెక్క?

మొదటి అధ్యాయంలో హీరోకి బలం 12, చురుకు 9, మానా (మంత్రాలకు ఖర్చయ్యే శక్తి) 100 అని స్టేటస్ విండో, అంటే హీరో అంకెల పట్టిక, వేసేయడం తేలిక. నలభయ్యో అధ్యాయానికి వచ్చేసరికి పద్దెనిమిది స్కిల్స్ పోగవుతాయి. వాడుకలో ఉండేవి ఐదే. "ఆ రాతిగోడ స్కిల్ ఉందిగా, అక్కడెందుకు వాడలేదు?" అని పాఠకుడు అడుగుతాడు. రచయిత దగ్గర జవాబు ఉండదు. పొరపాటు నలభయ్యో అధ్యాయంలో జరిగింది కాదు, శక్తికి ఏ లెక్క పెట్టాలో తేల్చుకోకుండా కథ మొదలుపెట్టినప్పుడే జరిగింది.

బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ, మెట్రోలో ఫోన్ మీదే వారానికో భాగం రాసే తెలుగువాళ్ల కోసం ఈ పోలిక. అందుకే ఉదాహరణలు కూడా ఈ ఊరివే.

ముందు తేల్చుకోవాల్సినవి

హీరో ఏం చేయగలడన్నది తర్వాత చూద్దాం. హీరోకి ఏది చాలదు? నిప్పు పుట్టించడం ఏ పద్ధతిలోనైనా నిప్పు పుట్టించడమే. పద్ధతులు వేరుపడేది కొరత దగ్గర. (పేర్లు కొత్తైతే కంగారొద్దు, ఒక్కోదాన్నీ కింద విడిగా చూద్దాం.) మానాలో ఇంధనం చాలదు. స్లాట్లలో ముందుచూపు చాలదు. లెవెల్స్‌లో అనుభవం చాలదు. మెట్ల సాధనలో మనోనిగ్రహం చాలదు. మూల్యం పద్ధతిలో పోగొట్టుకోవడానికి ఇంకేమీ మిగలదు. వరంలో కోరుకున్న మాటలే చాలవు. మీ కథ ఏ కొరత చుట్టూ తిరగాలో తేలిందంటే సగం ఎంపిక అయిపోయినట్టే.

రెండోది, పాఠకుడు ఎన్ని అంకెలు మోయాలి? ఒకేసారి కూర్చుని చదివేసే నవలకు ఏడెనిమిది అంకెలున్నా నడుస్తుంది. వారానికో భాగం వచ్చే సీరియల్‌లో మూడు దాటితే కష్టం. పోయిన వారం హీరో మానా 35 దగ్గర ఆగిందని ఎవరికీ గుర్తుండదు. మీరే మళ్లీ చెప్పాలి, చెప్పిన ప్రతిసారీ కథ ఆగుతుంది.

మూడోది నిడివి, దానితోపాటే పైకప్పు. ఇరవై అధ్యాయాల కథకు శక్తి పెరగకపోయినా పర్వాలేదు. రెండు వందల అధ్యాయాలు రాయాలనుకుంటే మాత్రం చివరి అధ్యాయంలో హీరో ఎంత బలవంతుడో ఇవాళే ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి.

నాలుగోది, ఉన్న నియమాలతోనే హీరో ఎలా బయటపడతాడో పాఠకుడు పోరాటానికి ముందు ఊహించగలడా? ఊహించి తప్పినా, నియమం ముందే తెలిసుంటే మెచ్చుకుంటాడు. నియమమే ఆ నిమిషంలో పుట్టుకొస్తే మోసపోయాననుకుంటాడు.

పోల్చడానికి ఒకే సన్నివేశం తీసుకుందాం. రాత్రి పదకొండు. మదనపల్లె నుంచి వచ్చి కాడుగోడి పీజీలో ఉంటున్న వసుధ, గవిపురం దగ్గర కెంపాంబుధి చెరువు గట్టు మీద నిలబడి ఉంది. చెరువులోంచి మూడు నీటిభూతాలు లేచాయి. వెనక తమ్ముడు చరణ్ కడుపులో గాయంతో పడి ఉన్నాడు. గంటకు మించి ఆగడు.

మానా: నిల్వ ఉన్న శక్తి

ఎక్కువమంది ఇక్కడే మొదలుపెడతారు, కారణం ఉంది. 1986లో వచ్చిన డ్రాగన్ క్వెస్ట్ నుంచి ఇవాళ్టి మొబైల్ గేమ్‌ల దాకా ఎన్నిట్లోనో చూసిన పద్ధతి కాబట్టి పాఠకుడికి వివరించనక్కర్లేదు.

వసుధకి గరిష్ఠ మానా 100, గంటకు 5 చొప్పున తిరిగి నిండుతుంది అనుకుందాం. నిప్పు మంత్రానికి 30, కవచానికి 20, గాయం మాన్పడానికి 45. రెండు భూతాలను నిప్పుతో కూల్చింది, 60 పోయింది. మూడోదాని దెబ్బ కవచంతో కాచుకుని దాన్ని కత్తితో ముగించింది, ఇంకో 20 పోయింది. మిగిలింది 20. చరణ్‌ని బతికించడానికి ఇంకా 25 కావాలి, అంటే ఐదు గంటలు. చరణ్‌కి ఉన్నది ఒక్క గంట. చూశారుగా, బాస్ (గేమ్‌లో ఎదురయ్యే పెద్ద శత్రువు) ఎవరూ లేకుండానే సన్నివేశంలో ఉత్కంఠ వచ్చేసింది. మానా బాగా కుదిరితే చేసే పని ఇదే: గెలిచిన పోరాటం కూడా ఖరీదు అడుగుతుంది.

చెడేది ఎక్కడంటే, లెవెల్ పెరిగేకొద్దీ గరిష్ఠ మానా పెంచుతాం, మంత్రాల ఖర్చు అలాగే వదిలేస్తాం. ముప్పయ్యో లెవెల్‌లో మానా 1,500 అయిందనుకోండి, 30 ఖర్చయ్యే నిప్పు యాభైసార్లు విసరొచ్చు. కొరత చచ్చిపోయింది. కథ కూడా.

అపార్ట్‌మెంట్ నీళ్ల లెక్క తెలిసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. పైన ఓవర్‌హెడ్ ట్యాంకు గరిష్ఠ మానా, మోటారు తిరిగి నింపే వేగం, కొళాయి పైపు ఒకేసారి ఎంత వాడగలమన్న హద్దు, ట్యాంకర్ లారీ మానా పోషన్ (తాగితే మానా నింపే మందు). ట్యాంకు ఎంత పెద్దది కట్టించినా సంపులో నీళ్లు లేకపోతే దండగే. కాబట్టి ట్యాంకు పెంచండి, మోటారు ముట్టుకోవద్దు. వెయ్యి మానా ఉన్న వసుధ కూడా గంటకు 5 చొప్పునే నింపుకుంటే ఖాళీ ట్యాంకు నిండడానికి 200 గంటలు, అంటే ఎనిమిది రోజుల పైమాట. ఇప్పుడు పెద్ద మంత్రం వాడాలా వద్దా అన్నది నిజమైన నిర్ణయం. లేదా పైపు సన్నం చేయండి: ఎంత నిల్వ ఉన్నా నిమిషానికి 40 మించి వదిలితే చేతులు కాలతాయని నియమం పెట్టండి. ఇక ట్యాంకర్ సంగతి. పోషన్లు చవగ్గా దొరికే లోకంలో మానా పద్ధతి పెట్టడం వృథా. రోజుకు రెండు తాగొచ్చు, మూడోది విషం అని మొదట్లోనే చెప్పేయండి. మార్చిలో మారతహళ్లిలో ట్యాంకర్ రేటు ఎక్కినట్టు, ముట్టడి రోజుల్లో పోషన్ రేటు కూడా ఎక్కించండి.

స్లాట్లు, కూల్‌డౌన్లు

ఇక్కడ శక్తి ద్రవంలా కాకుండా గుళికల్లా ఉంటుంది: రోజుకిన్ని మంత్రాలని లెక్క, ఒక్కో మంత్రానికి ఒక్కో స్లాట్. 1974లో మొదలైన, బల్ల చుట్టూ కూర్చుని ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) ఈ పద్ధతికి పెద్ద దిక్కు. దాని ఐదో ఎడిషన్‌లో మొదటి లెవెల్ విజార్డ్‌కి (మాంత్రికుడికి) మొదటి స్థాయి స్లాట్లు రెండే. ఐదో లెవెల్‌కి మొదటి స్థాయివి 4, రెండో స్థాయివి 3, మూడో స్థాయివి 2. రాత్రి పూర్తిగా విశ్రాంతి తీసుకుంటే అన్నీ తిరిగొస్తాయి. 1987లో వచ్చిన మొదటి ఫైనల్ ఫాంటసీ గేమ్ కూడా మానా నిల్వ పెట్టకుండా స్థాయికిన్ని సార్లు అనే లెక్కే వాడింది.

వసుధ పొద్దున పీజీలో ఇడ్లీ తింటూ నాలుగు మంత్రాలు సిద్ధం చేసుకుంది: రెండు నిప్పు, ఒక కవచం, ఒక వెలుగు. గాయం మాన్పే మంత్రం పెట్టుకోలేదు, ఎందుకంటే చరణ్ మదనపల్లెలోనే ఉన్నాడనుకుంది. రాత్రి చెరువు గట్టు మీద ఆ నిర్ణయమే ఆమె మెడకు చుట్టుకుంది. మానాలో తప్పు పోరాటంలో జరుగుతుంది, స్లాట్లలో తప్పు టిఫిన్ దగ్గర జరుగుతుంది. పథకాలు, గూఢచర్యం, దోపిడీ కథలు రాసేవాళ్లకు ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. రచయితకు పని కూడా తక్కువ: నాలుగు గీతలు గీసుకుని వాడినదాన్ని కొట్టేస్తే చాలు.

దీనికున్న రోగం అందరికీ తెలిసిందే. స్లాట్లు అయిపోగానే "పడుకుని రేపు వద్దాం" అనొచ్చు. అలా అనలేని పరిస్థితి ప్రతి అధ్యాయంలోనూ కల్పించాలి. గడువు లేని కథలో స్లాట్లు పెట్టకండి.

కూల్‌డౌన్, అంటే ఒకసారి వాడిన స్కిల్ మళ్లీ వాడేముందు ఆగాల్సిన వ్యవధి గురించి ఒక్క మాట. గేమ్‌లో పన్నెండు సెకన్ల కూల్‌డౌన్‌కి స్క్రీన్ మీద తిరిగే గడియారం ఉంటుంది. వచనంలో పన్నెండు సెకన్లంటే ఎంత? ఒక పేరా? రెండు డైలాగులా? ఎవరికీ తెలియదు, మీరు కావాల్సినప్పుడు అయిపోతుంది. నిమిషం లోపు కూల్‌డౌన్లు వచనంలో పనిచేయవు. ఒక రోజు, ఒక పక్షం, అమావాస్యకొకసారి అని పెడితే పనిచేస్తాయి.

లెవెల్స్, ఎక్స్‌పీ, స్కిల్ ట్రీ

గ్రైండ్ చేసి, అంటే చిన్న పోరాటాలే మళ్లీ మళ్లీ చేసి, పైకెళ్లే సుఖం ఇచ్చేది ఇదొక్కటే. పాఠకుడు "లెవెల్ అప్" అన్న మాట కోసమే వస్తాడు. ఆ సుఖం ఇవ్వగలిగితే మిగతా లోపాలు చాలా క్షమిస్తాడు. కానీ లెక్క దారుణంగా తప్పేది కూడా ఇక్కడే, కాబట్టి కాస్త ఆగుదాం.

ఒక లెవెల్ నుంచి పై లెవెల్‌కి వెళ్లడానికి ఆ లెవెల్ సంఖ్యను 100తో గుణించినంత ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు) కావాలని పెడితే, ఒకటి నుంచి ఇరవైకి చేరడానికి మొత్తం 19,000. భూతానికి 50 చొప్పున 380 భూతాలు. రాయగలిగిన కథే. అదే ప్రతి లెవెల్‌కీ రెట్టింపు చేసుకుంటూ పోతే, పందొమ్మిది నుంచి ఇరవైకి ఒక్క మెట్టుకే 2,62,14,400 కావాలి. అంటే ఐదు లక్షల పైచిలుకు భూతాలు. కెంపాంబుధి చెరువు పట్టదు. అప్పుడు రచయిత ఏం చేస్తాడు? భూతానికి ఇచ్చే ఎక్స్‌పీ పెంచుతాడు, దాంతో పాత అంకెలకు విలువ పోతుంది. డీ అండ్ డీ ఐదో ఎడిషన్ పట్టిక చూడండి: రెండో లెవెల్‌కి మొత్తం 300, మూడోదానికి 900, నాలుగోదానికి 2,700, ఐదోదానికి 6,500. మొదట మూడింతలు పెరిగి, తర్వాత ఆ పెరుగుదల నెమ్మదిస్తుంది. మొదట్లో లెవెల్స్ గబగబా రావాలి, తర్వాత దూరం పెరగాలి, కానీ లెక్క చేయి దాటకూడదు.

బలం పెరుగుదల కూడా అంతే. లెవెల్‌కి పది శాతం పెరుగుతుందంటే కొంచెమే కదా అనిపిస్తుంది. యాభై లెవెల్స్‌కి అది 117 రెట్లు. ఇరవై శాతమైతే 9,100 రెట్లు. ఐదు శాతమైతే పదకొండున్నర రెట్లే. యాభయ్యో లెవెల్ వసుధని మొదటి లెవెల్ సైనికులు పదకొండుమంది కలిసి ఆపగలిగితే ఆ లోకంలో పోలీసులకి, సైన్యానికి ఇంకా అర్థం ఉంటుంది. తొమ్మిది వేలమంది కావాలంటే ఉండదు. మీరు రాసేది ఊరి కథా, దేవతల కథా అన్నది ఈ ఒక్క శాతం తేలుస్తుంది.

దెబ్బ లెక్క: దాడి నుంచి రక్షణ తీసివేసే సూత్రం అందరూ వాడతారు, అది ప్రమాదకరం. దాడి 40, రక్షణ 35 అయితే దెబ్బ 5. దాడి 45కి పెరిగితే దెబ్బ 10. ఐదు పాయింట్లకే దెబ్బ రెట్టింపైంది. రక్షణ 45 దాటితే దెబ్బే తగలదు. దానికి బదులు దాడిని 100తో గుణించి, 100కు రక్షణ కలిపిన మొత్తంతో భాగించండి. రక్షణ 100 ఉంటే సగం దెబ్బ, 300 ఉంటే పావు. ఎప్పటికీ సున్నా కాదు. లీగ్ ఆఫ్ లెజెండ్స్ గేమ్‌లో ఆర్మర్ (రక్షణ) లెక్క ఈ తరహాదే. ఇవన్నీ పాఠకుడికి చూపించాల్సిన పని లేదు, మీ స్ప్రెడ్‌షీట్‌లో ఉంటే చాలు.

స్కిల్ ట్రీ, అంటే చెట్టు కొమ్మల్లా విడిపోయే స్కిల్స్ పటం, పెట్టేవాళ్లకి నియమం ఒకటే: ఎంచుకున్న కొమ్మ ఇంకో కొమ్మను మూసేయాలి. వసుధ నిప్పు కొమ్మ ఎక్కిందంటే వైద్యం కొమ్మ ఇక అందదు. చరణ్ ముందు ఆమె నిస్సహాయంగా నిలబడేది అందుకే. అన్నీ నేర్చుకోగలిగితే అది చెట్టు కాదు, షాపింగ్ లిస్టు.

మెట్ల సాధన

చైనా వెబ్ నవలల్లో ప్రాణశక్తిని శుద్ధి చేసుకుంటూ దశలు దాటే పద్ధతి ఇవాళ తెలుగు పాఠకులకీ అలవాటైంది. కానీ మెట్ల సాధన మనకు కొత్తేమీ కాదు. రామాయణం బాలకాండలో విశ్వామిత్రుడు రాజర్షి, ఋషి, మహర్షి, బ్రహ్మర్షి అని నాలుగు మెట్లెక్కుతాడు. కూడబెట్టిన తపస్సు త్రిశంకుడి కోసం ఖర్చు చేసుకున్నాడు, మేనక దగ్గర పదేళ్లు పోగొట్టుకున్నాడు, రంభ మీద కోపంతో శపించి మళ్లీ నష్టపోయాడు. ఇక్కడ గమనించాల్సింది నిర్మాణం: ప్రతి మెట్టు దగ్గరా అడ్డుపడింది శత్రువు కాదు, అతనిలోనే ఉన్న ఒక్కో బలహీనత. శక్తి పెరగాలంటే మనిషి మారాలి. లెవెల్స్ పద్ధతిలో భూతాల్ని చంపితే చాలు.

అందుకని మెట్లు పెట్టేవాళ్లు, పై మెట్టు హీరోలోని ఏ లోపం దగ్గర ఆగుతుందో ముందే రాసుకోవాలి. వసుధకి మూడో మెట్టు దాటాలంటే తమ్ముడి విషయంలో తన అపరాధభావం తీరాలి అనుకోండి. ఆ రాత్రి చెరువు గట్టు మీద ఆమె ఎక్కలేకపోవచ్చు. నెల తర్వాత ఎక్కొచ్చు. పోరాటం మధ్యలో టక్కున ఎక్కించేస్తే మాత్రం పద్ధతి చవకబారిపోతుంది. ఒక కథలో అలాంటిది ఒక్కసారే చెల్లుతుంది.

మెట్ల మధ్య తేడా కూడా ముందే తేల్చండి. పై మెట్టు మనిషి కింది మెట్టు పదిమందితో సమానమైతే, ఆరు మెట్ల కథలో పైవాడు కిందివాళ్లు లక్షమందితో సమానం. అప్పుడు బెంగళూరు సరిపోదు, ప్రతి రెండు మెట్లకీ లోకం మార్చుకుంటూ పోవాలి, పాత పాత్రలన్నీ వెనకే ఉండిపోతాయి. ముగ్గురితో సమానమైతే పై అంచున 243 మంది. తమ్ముడు, పీజీ ఆంటీ, ఆఫీసు మేనేజర్ ఇంకా కథలో ఉండగలుగుతారు.

మూల్యం

మంత్రం పనిచేస్తుంది, బదులుగా ఏదో తీసుకుంటుంది. ఆకలి, నిద్ర లాంటి తిరిగొచ్చేవి ఒక రకం. ఆయుష్షు, చూపు లాంటి మెల్లగా తరిగేవి ఇంకో రకం. జ్ఞాపకం, ఒక బంధం లాంటి తిరిగిరానివి మూడో రకం. వసుధకి ఒక్కో మంత్రానికి చిన్ననాటి జ్ఞాపకం ఒకటి పోతుందనుకుందాం. భూతాల కోసం మూడు పోయాయి. చరణ్‌ని బతికించడానికి, వాడు పుట్టిన రోజు జ్ఞాపకం అడుగుతోంది. ఈ సన్నివేశానికి అంకెలే అక్కర్లేదు.

ఇది బలంగా తగులుతుంది, కానీ తయారీ ఎక్కువ. పోయేదాన్ని పాఠకుడు ముందే చూసి ఉండాలి. పుట్టిన రోజు సంగతి కనీసం నాలుగైదు అధ్యాయాల ముందు, దాని పని దానికి ఉన్నట్టుగా వచ్చి వెళ్లాలి. అప్పటికప్పుడు ఫ్లాష్‌బ్యాక్ వేసి వెంటనే లాక్కుంటే కన్నీరు రాదు. కథ మొదలుపెట్టే ముందే పోగొట్టడానికి పది పన్నెండు జ్ఞాపకాల జాబితా, తక్కువ విలువ నుంచి ఎక్కువ విలువకి, రాసి పెట్టుకోండి. ఆ జాబితా ఎన్ని ఉంటే అన్నే పెద్ద మంత్రాలు. వంద అధ్యాయాలకి పన్నెండు మంత్రాలు చాలవు కాబట్టి ఈ పద్ధతి సుదీర్ఘ సీరియల్‌కి ఒంటరిగా పనికిరాదు. ఇంకో చిక్కు: ప్రతి వారం విషాదమైతే పాఠకుడు మొద్దుబారిపోతాడు.

వరం, శాపం, షరతు

దీనికి తెలుగు పాఠకుడంత ఆరితేరినవాడు దొరకడు. హిరణ్యకశిపుడి వరంలో సందు ఎక్కడుందో పిల్లలకీ తెలుసు. రావణుడు మనుషుల పేరు చేర్చకుండా వదిలేశాడనీ తెలుసు. కర్ణుడి దగ్గరున్న ఇంద్రశక్తి ఒక్కసారే పనిచేసే ఆయుధం. అర్జునుడి కోసం దాచుకున్నది ఘటోత్కచుడి మీద వాడాల్సి వచ్చింది. గేమ్‌లో ఆఖరి బాస్ కోసం దాచుకున్న వస్తువు మధ్య బాస్ దగ్గర వాడేసిన బాధే అది. అశ్వత్థామకి అస్త్రం వదలడం తెలుసు, వెనక్కి తీసుకోవడం తెలియదు: సగం నేర్చుకున్న స్కిల్. కచుడు మృతసంజీవని నేర్చుకున్నాక, ఆ విద్య అతనికి పనిచేయదని దేవయాని శపించింది. తను నేర్పినవాళ్లకు పనిచేస్తుందని కచుడు బదులిచ్చాడు. ఇలాంటి షరతులు మన దగ్గర గుట్టలుగా ఉన్నాయి. ఆశ్చర్యంగా, గేమ్ తరహా కథలు రాసేవాళ్లు వీటిని ముట్టుకోరు, అరువు తెచ్చుకున్న ఫైర్‌బాల్ దగ్గరే ఆగిపోతారు.

రాసే పద్ధతి: వరం మాటలు పాతిక పదాల్లోపు, మొదటి రెండు అధ్యాయాల్లో, అక్షరం మారకుండా ఇవ్వండి. "నీళ్లలో పుట్టినదేదీ సూర్యుడు లేని వేళ నీ నీడను తాకలేదు" అని వసుధకి వరం ఉందనుకోండి. భూతాలు ఆమెను ముట్టుకోలేవు. చరణ్ ఆమె నీడలో ఉంటే అతన్నీ ముట్టుకోలేవు. కానీ రాత్రిపూట నీడ ఉండాలంటే వీధి దీపం వెలగాలి. కరెంటు పోయింది. మొత్తం పోరాటం ఇక ఆ ఒక్క దీపం చుట్టూనే.

మన పాఠకుడు రెండో అధ్యాయం నుంచే సందు వెతకడం మొదలుపెడతాడు కాబట్టి రెండు సందులు పెట్టండి. మొదటిది తేలిగ్గా దొరకాలి, దాన్ని హీరోనే మధ్యలో పూడ్చేయాలి. రెండోది అదే వాక్యంలో ఉండాలి, విలన్ కనిపెట్టాలి. మధ్యలో వాక్యం మార్చారో, పాఠకుడు మళ్లీ నమ్మడు.

చోటుకి కట్టుబడిన శక్తి

ఒంటరిగా కంటే ఇంకో పద్ధతితో కలిపితే బాగుంటుంది, ముఖ్యంగా నగరం కథలకి. బెంగళూరులో కెంపేగౌడ పేరుతో నాలుగు గోపురాలున్నాయి: లాల్‌బాగ్ బండ మీద, కెంపాంబుధి చెరువు దగ్గర, హలసూరు చెరువు దగ్గర, మేఖ్రీ సర్కిల్ దగ్గర. పట్నం ఇంతవరకే అని అప్పట్లో అనుకున్నారని చెప్పుకుంటారు. శక్తి ఈ నాలుగింటి లోపలే పనిచేస్తుందని పెట్టండి. మెట్రో పర్పుల్ లైన్‌లో కాడుగోడి నుంచి వచ్చే వసుధ ఇందిరానగర్ దాకా మామూలు మనిషి, హలసూరు స్టేషన్ దాటాక మాంత్రికురాలు. పీజీకి తిరిగెళ్తే శత్రువు ముందు ఏమీ చేయలేదు. కెంపాంబుధి గట్టు సరిగ్గా అంచు కాబట్టి భూతాలు ఆమెను వంద అడుగులు పడమటికి లాగితే చాలు. గవి గంగాధరేశ్వర గుడిలో సంక్రాంతి నాడు సూర్యకిరణాలు నంది కొమ్ముల మధ్యగా లింగం మీద పడతాయి. ఏడాదికి ఒక్క సాయంత్రం మాత్రమే పనిచేసే మంత్రానికి ఇంతకన్నా సిద్ధంగా ఉన్న చోటు ఎక్కడుంది?

గాచా, అంటే ఏం వస్తుందో తెలియకుండా తీసే గేమ్ లాటరీతో శక్తులిచ్చే కథలూ వస్తున్నాయి. ఒక శాతం అవకాశంతో వందసార్లు తీసినా ఒక్కటీ రాని అవకాశం దాదాపు 37 శాతం. మొదటిసారే అరుదైనది తగిలిన హీరోని మించిన నీరసం లేదు, వందసార్లు తీసి ఏమీ రానివాడి కథ రాయండి.

ఒక చూపులో

| పద్ధతి | కొరత | మోయాల్సిన అంకెలు | తగిన నిడివి | మొదట విరిగేది |
|---|---|---|---|---|
| మానా | ఇంధనం | 2–3 | మధ్యస్థం, దీర్ఘం | గరిష్ఠం పెరిగి ఖర్చు పెరగకపోవడం |
| స్లాట్లు | ముందుచూపు | 4–6 గీతలు | పొట్టి, మధ్యస్థం | "రేపు వద్దాం" |
| లెవెల్స్ | అనుభవం | 5 పైనే | దీర్ఘం | ఎక్స్‌పీ, బలం లెక్కలు |
| మెట్లు | మనోనిగ్రహం | 1 | చాలా దీర్ఘం | మెట్ల మధ్య దూరం |
| మూల్యం | మిగిలిన జీవితం | 0 | పొట్టి, మధ్యస్థం | మూల్యాన్ని ముందు చూపకపోవడం |
| వరం | మాటలు | 0 | పొట్టి | వాక్యం మార్చడం |
| చోటు | దూరం | 0, ఒక పటం | ఏదైనా | పటం మర్చిపోవడం |

ఎవరికి ఏది

వారం వారం రాస్తూ ఎక్కడ ఆగాలో తెలియనివాళ్లు మెట్లు తీసుకోండి. లెక్క తక్కువ, ఒక్కో మెట్టు ఒక్కో సీజన్ అవుతుంది. స్ప్రెడ్‌షీట్ అంటే ఇష్టమున్నవాళ్లే లెవెల్స్ జోలికి వెళ్లాలి. ఆఫీసులో రోజంతా అవే చూసి విసిగిపోయినవాళ్లు వెళ్లొద్దు. అరవై వేల పదాల్లో ముగిసే నవలకు వరం లేదా మూల్యం, మరో ఆలోచన అక్కర్లేదు. తర్వాత దీన్ని గేమ్‌గా చేయాలనుకునేవాళ్లకు మానా లేదా స్లాట్లు, ఎందుకంటే మూల్యాన్ని కోడ్ చేయడం కష్టం. ఆడియో కథ చేసేవాళ్లకి అంకెల పద్ధతులన్నీ శిక్షే: "పద్దెనిమిది వేల నాలుగు వందల యాభై ఎక్స్‌పీ" అని చదువుతుంటే వినేవాడు పాట పెట్టుకుంటాడు.

కలపొచ్చా? రెండు కలపొచ్చు, రెండింటి కొరతా వేరైతేనే. మానాతో చోటు బాగా కలుస్తుంది: ఒకటి "ఎంత?" అని అడుగుతుంది, ఇంకోటి "ఎక్కడ?" అని అడుగుతుంది. మెట్లతో మూల్యమూ కలుస్తుంది. మానాతో కూల్‌డౌన్ కలిపితే రెండూ "ఇంకాసేపు ఆగు" అనే చెబుతాయి, ఒకటి దండగ. మూడు కలిపినవాళ్లు ఇరవయ్యో అధ్యాయంలో ఒకదాన్ని మర్చిపోతారు.

స్టేటస్ విండో

ఫోన్ తెరమీద ఆరు లైన్లు దాటనివ్వకండి. మారిన అంకెలే చూపండి. పూర్తి విండో పది అధ్యాయాలకొకసారి చాలు. ప్రతి పేరూ సంస్కృత సమాసమైతే పాఠకుడు కళ్లతో దాటేస్తాడు. రోజూ వాడే మంత్రానికి "నిప్పురవ్వ" చాలు, "ప్రళయాగ్నిజ్వాల" లాంటిది కథలో ఒక్కసారి వచ్చేదానికి అట్టిపెట్టుకోండి.

మొదలుపెట్టే ముందు, మధ్యలో చెడ్డాక

ఎంచుకున్న పద్ధతితో మూడు పోరాటాలు రాసి చూడండి, ఒక్కోటి రెండు వందల పదాలు: ఐదో అధ్యాయంలోది, మధ్యలోది, చివరిది. మూడింటిలోనూ కొరత నొప్పి పెడితే పద్ధతి నిలుస్తుంది. చివరిదాంట్లో నొప్పి లేకపోతే పెరుగుదల శాతం తగ్గించి మళ్లీ రాయండి. తర్వాత ఏడు గడుల షీటు ఒకటి పెట్టుకోండి: అధ్యాయం, చోటు, మొదట్లో ఉన్న శక్తి, ఖర్చు, మిగులు, గాయాలు, చేతిలో ఉన్న వస్తువులు. కొత్త స్కిల్ వస్తే తేదీతో సహా ఎక్కించండి. అది పోరాటాన్ని తేల్చే ముందు కనీసం మూడు అధ్యాయాల పాటు పాఠకుడి కళ్లముందు ఉండాలి.

ఇప్పటికే యాభయ్యో అధ్యాయంలో ఉండి, హీరో చేయి దాటిపోయి ఉంటే? పాత అధ్యాయాల్లో అంకెలు దిద్దకండి, పాఠకుల దగ్గర స్క్రీన్‌షాట్లు ఉంటాయి. శక్తి తీసేసుకోవడం కూడా చివరి మార్గమే, ఎందుకంటే ఏడాదిపాటు పాఠకుడు హీరోతో కలిసి సంపాదించింది అది. కొరతను వేరే చోటికి మార్చండి. మానా 1,500 ఉన్న వసుధకి చంపాల్సినవాళ్లు ఇక లేరు, కాపాడాల్సినవాళ్లు ఒకేసారి రెండు చోట్ల ఉన్నారు: చరణ్ కెంపాంబుధి దగ్గర, పీజీ పిల్లలు కాడుగోడిలో. ఎంత మానా ఉన్నా ఆమె ఉండగలిగేది ఒక్కచోటే, రాత్రి ఆఖరి మెట్రో వెళ్లిపోయింది.